పుట్టింటి పసుపు అందని చాగపిల్ల

ఒకప్పుడు చాగ మొక్కల్లో అంచు లేనిదంటూ లేదు. చాగ అంటే తెలియదా? మీ వరండాలో కుండీలో కత్తుల్లా నిలబడి ఉంటుందే, స్నేక్ ప్లాంట్ అంటారే, అదే. ఆ రోజుల్లో పిల్లా పెద్దా అన్ని చాగలకూ ఆకుకు రెండు వైపులా పసుపు అంచు ఉండేది.

ఆ పసుపు ఎక్కడిదనుకున్నారు? తల్లిదే. కూతురు ఇల్లు వదిలి వెళ్ళేటప్పుడు తల్లి చాగ దాని ఒడి నింపేది. మన ఇళ్ళల్లో అత్తారింటికి వెళ్ళే అమ్మాయి ఒడిలో బియ్యం, పసుపు పోస్తారు చూడండి, అలాగన్నమాట. చాగలకు బియ్యమెందుకు? ఒట్టి పసుపే. పుట్టింటివాళ్ళు ఇచ్చిన ఆ పసుపుతోనే ఆ కూతురు రేపు తన పిల్లలకు అంచు దిద్దుకునేది.

ఒక ఏటి ఒడ్డున ఒక తల్లి చాగ ఉండేది. దాని ఆకుల్లో అన్నిటికన్నా పొడుగైనదాన్ని ‘పొడుగాకు’ అని ముద్దుగా పిలిచేది. పొడుగాకుకు ఒక్కచోట కాలు నిలవదు. వచ్చే పడవనీ పోయే పడవనీ చూస్తూ, ‘నేనెప్పుడు వెళ్తానో!’ అని ఉబలాటపడేది.

ఒకనాడు పడవవాడి భార్య సింగారి నీళ్ళకోసం ఒడ్డుకు దిగింది. చాగను చూసి ముచ్చటపడింది. పిల్ల మొక్కను తవ్వుదామని చూస్తే నేల రాయిలా గట్టిగా ఉంది.

పడవలోంచి మొగుడు కేకేశాడు. "ఎంతసేపే? గాలి మళ్ళుతోంది, రా!"

"తవ్వడమెందుకు సింగారక్కా? నన్ను కోసుకుపో!" అంది పొడుగాకు.

తల్లి అడ్డుపడింది. "ఆగవే తల్లీ! ఒడి నింపకుండా ఎలా పంపేది? పసుపు ఇంకా నూరుతూనే ఉన్నాను. ఒక్క పూట ఆగు."

"నాకు అంచు ఉందిగా అమ్మా! మళ్ళీ పసుపెందుకు?" అని నవ్వింది పొడుగాకు.

సింగారి కొడవలితో దాన్ని మొదలంటా కోసి, చంకలో పెట్టుకుని పడవెక్కేసింది. తల్లి పిలుస్తూనే ఉంది. తెరచాప చప్పుడులో ఆ పిలుపు వినపడలేదు.

రెండు రోజులు పడవలోనే ఉండి, కోసిన చోటు ఆరింది. మూడో రోజు సింగారి దాన్ని పెరట్లో ఇసక మట్టిలో నాటింది. నెల తిరిగేసరికి వేళ్ళొచ్చాయి. ఆ తర్వాత మట్టి కింద ఒక చిన్న పిలక కదిలింది.

పొడుగాకు సంతోషం అంతా ఇంతా కాదు. పిల్లకు అంచు దిద్దుదామని ఒడి తడుముకుంది. ఒడి ఖాళీ! అప్పుడు తెలిసింది తానేం వదిలేసి వచ్చిందో. అంచు లేకపోతే అమ్మ తన మనవరాలిని ఎలా గుర్తుపడుతుంది?

"వానపామన్నా, మా అమ్మను అడిగి చిటికెడు పసుపు తెచ్చిపెట్టవూ?" అని బతిమాలింది.

"మట్టయితే ఎంత దూరమైనా వెళ్తానమ్మా. ఏరు దాటడం నావల్ల కాదు," అంది వానపాము. పాపం, దానికీ బాధేసింది.

పక్కనున్న బంతిపువ్వు జాలిపడి తన రంగు ఇచ్చింది. ఒక్క చినుకు పడగానే అది కాస్తా కారిపోయింది. పొడుగాకు తన అంచునే ఒలిచి ఇద్దామని గరుకు ఇసకకు రాసుకుంది. ఒళ్ళు చీరుకుపోయింది గానీ పసుపు ఊడలేదు. ఒక్క పూట ఆగి ఉంటే ఏం పోయేదని కుమిలి కుమిలి ఏడ్చింది.

పిల్ల పైకొచ్చింది. ఒట్టి ఆకుపచ్చగా ఉంది.

"అమ్మా, నీకున్న అంచు నాకేదీ?"

"మా అమ్మ దగ్గరే ఉండిపోయింది బంగారం. తప్పు నాదే," అంది పొడుగాకు. పసుపు ఎలాగూ ఇవ్వలేకపోయానని ఒంట్లో ఉన్న నీరంతా పిల్లకే తాగించింది. పిల్ల ఏపుగా ఎదిగింది. పొడుగాకు వడిలి, ముడతలు పడి, ఎండిపోయింది.

ఒంటరైన పిల్లను చూసి సింగారికి మనసు ఊరుకోలేదు. మళ్ళీ ఏటి మీద వెళ్ళినప్పుడు దాన్ని తీసుకెళ్ళి తల్లి చాగ పక్కనే నాటింది.

"అమ్మమ్మా!" అని పిలిచింది పిల్ల.

తల్లి చాగ తేరిపార చూసింది. "ఎంత తియ్యగా పిలిచావమ్మా! ఎవరి పిల్లవో. మావాళ్ళందరికీ పసుపు అంచు ఉంటుంది తల్లీ. నా పొడుగాకు ఆ ఏటి మీదే వెళ్ళింది. దాని పసుపు ఇదిగో, ఎవ్వరికీ ఇవ్వకుండా దాచి ఉంచాను. నువ్వు వచ్చిన దారిలో అదేమైనా కనపడిందా?"

పిల్ల చాగ ఆ పసుపు వంక చూసింది. నేనే దాని కూతుర్నని చెబితే, అది ఇక లేదని కూడా చెప్పాలి.

"కనపడింది," అంది. "బాగుంది. నిన్నే తలుచుకుంటోంది."

"చల్లగా ఉండనీ," అంది తల్లి చాగ. పసుపు మూటను ఇంకాస్త జాగ్రత్తగా మట్టిలోకి జరుపుకుంది.

అప్పటినుంచే, దుంపతో విడదీసి నాటిన చాగకు తల్లి పసుపు వెంట వస్తుంది గనక పసుపు అంచు పిల్లలు పుడతాయి. ఆకు కోసి నాటితే మాత్రం, ఆ ఆకుకు ఎంత చక్కటి అంచున్నా సరే, పిల్ల ఒట్టి ఆకుపచ్చగానే పుడుతుంది.