షావుకారు వాననీళ్లు

అమ్మలారా, అయ్యలారా, స్వామి మనల్ని చల్లగా చూడాలి. వెనకటికి ఒక పట్నంలో అద్దకాల షావుకారు నాగలింగం రంగునీళ్లన్నీ ఊరి మురుగుకాలువలోకి వదిలేవాడు. దిగువ పేట బావి ఎర్రబడిపోయింది. ఆ కాలువలో పూడిక ఎత్తి ఎత్తి నడుము పడిపోయిన పోలమ్మ రాజుగారికి మొరపెట్టుకుంది.

"అవి నావి కావు ప్రభూ! నా గోడ కింది తూములోంచి వచ్చేది ఎర్రమట్టి కడిగిన వాననీళ్లే" అన్నాడు షావుకారు.

"వానలు వెళ్లిపోయాయి కదా దొరా, ఇక ఆ తూము మూసేయనివ్వండి" అంది పోలమ్మ నీరసంగా. రాజు సరేనన్నాడు. ఆ సాయంత్రమే పోలమ్మ తూము మూసేసింది.

మర్నాడే షావుకారు మోకాళ్ల దాకా ఎర్రగా తడిసి పరుగెత్తుకొచ్చాడు. "ప్రభూ, నా నీళ్లు నా ఇంట్లోకే ఎగదన్నుతున్నాయి!"

"ఆ నీళ్లు నీవేనన్నమాట! అయితే తొట్లు కట్టించి నీ దొడ్లోనే ఉంచుకో" అన్నాడు రాజు.

జనం జేజేలు కొట్టారు. పోలమ్మ మాత్రం ఎర్రనీళ్లు తోడిపోయడానికి చేద అందుకుని బావి వైపు నడిచింది. న్యాయం దేవుడు చేస్తాడమ్మా, బావి మాత్రం మనమే తోడుకోవాలి.