కూత లేని తాళ్ళు

నరాల వైద్యం నేర్పే వేదాద్రి గారికి అడిగిన ప్రశ్నకు అక్కడికక్కడే జవాబు చెప్పడం గిట్టదు. ప్రశ్న ఎంత పెద్దదైతే శిష్యుల్ని అంత దూరం నడిపిస్తారు. ఆయన దగ్గర చదువుకున్న మా అందరికీ చెప్పులు తొందరగా అరిగేది అందుకే.

ఒక ఉదయం వార్డులో హైమవతి అనే శిష్యురాలు ఆయన్ని ఆపింది. ఎదుటి మంచం మీది ఆవిడకు చేతిలో బలానికేమీ లోటు లేదు. గ్లాసు నోటిదాకా వచ్చేసరికి చెయ్యి అటూ ఇటూ కొట్టుకుని నీళ్ళన్నీ చీర మీద పడుతున్నాయి.

"సార్, చిన్నమెదడులోని పెద్ద కణాలు చేసేది తమ కింది కణాలను పట్టి ఆపడమే కదా. అవన్నీ ఒకేసారి స్పందిస్తే కదలిక చక్కగా వస్తుందంటారు, వేటికవి స్పందిస్తే ఇలా తడబడుతుందంటారు. పట్టి ఆపేవాటికి కలిసి పనిచేయాల్సిన అవసరమేమిటి?"

"పదమ్మా," అన్నారాయన.

ఆసుపత్రి వెనక పాత నూతికి లోపలి గోడ బాగుచేస్తున్నారు. ఒక చెక్కపలక, నాలుగు మూలలకూ నాలుగు తాళ్ళు, వాటిని పట్టుకుని నూతి గట్టున నలుగురు మనుషులు. పలక మీద పైడయ్య అనే తాపీ పనివాడు గొంతుక్కూర్చున్నాడు. అడుగున నీళ్ళు తక్కువ, బండలు ఎక్కువ. ఆ నలుగురూ తాళ్ళు కలిసి వదలడం చూపించాలనే గురువుగారు ఆమెను తీసుకొచ్చారు. కానీ అక్కడ జరుగుతున్నది వేరు.

నలుగురూ నోరు మూసుకుని ఎవరి కంటికి తోచినట్టు వాళ్ళు వదులుతున్నారు. పలక ఒక పక్కకు ఒరిగింది. భయపడి ఇద్దరు బిగించారు, మూడోవాడు సర్దబోయి ఎక్కువ వదిలాడు. పలక రెండో పక్కకు ఇంకా ఎక్కువ ఒరిగి గోడకు కొట్టుకుంది. అతని చేతిలోని తాపీ జారిపోయి కింద బండ మీద ఖణేలుమంది.

"నన్ను సంపేత్తార్రా!" అని లోపలినుంచి కేక.

వేదాద్రి గారి ముఖం పాలిపోయింది. ఆయన భయపడగా చూడడం హైమవతికి అదే మొదలు.

"గంటయ్యా, అందరూ కలిసి వదిలేలా కూత వెయ్యవేం?" అని అరిచారు.

నాలుగో తాడు పట్టుకున్న మేస్త్రీ గంటయ్య తల తిప్పకుండానే గొణిగాడు. "పేసెంట్లు పడుకున్నారు, గోల సెయ్యొద్దని పొద్దున్నే ఈ డాట్రమ్మే సెప్పినారు గద బాబూ."

హైమవతికి పొద్దున జరిగింది గుర్తొచ్చింది. ఆ మాట కిటికీలోంచి తనే అన్నది, మంచిపని చేశాననుకుని మరిచిపోయింది కూడా. పైడయ్య వేళ్ళు పలక అంచును పట్టుకుని ఉండడం పైనుంచి కనిపిస్తోంది. అవి ఒక్కొక్కటే జారుతున్నాయి.

"కూత వెయ్యి గంటయ్యా!" అని హైమవతి బతిమాలింది.

వాడికి ఆ మాట చెవికెక్కలేదు, తన తాడే బిగబట్టుకుని వెనక్కి వాలాడు.

"అందరూ ఆగండి!" అని ఆమె అరిచింది. తాళ్ళు నిలిచాయి. ఒరిగిన పక్కవాళ్ళ చేత కొంచెం కొంచెంగా లాగించి పలకను సమంగా నిలబెట్టింది. తర్వాత ఎప్పుడూ రోడ్డు పనివాళ్ళ నోటే విన్న కూతను తన నోట వేసింది. "ఐసా!" నలుగురూ జానెడు వదిలారు. "ఐసా!" మళ్ళీ జానెడు. వార్డు కిటికీలన్నీ తెరుచుకున్నాయి. ఆమె ఆపలేదు. పైడయ్య కాలు అడుగున బండకు ఆనిందని కేక వచ్చాకే నూతి గట్టున కూలబడి ఏడ్చేసింది.

చాలాసేపటికి ఆమె ఏడుపు తగ్గింది. వేదాద్రి గారు ఆమె పక్కనే కూర్చున్నారు.

"నువ్వడిగిన కణాల్లాగే ఆ నలుగురి పనీ పట్టి ఆపడమే, మొదటినుంచీ గట్టిగానే పట్టుకున్నారు," అన్నారు. "మరి పైడయ్యను దించింది ఆ పట్టేనా, కూతకు అందరూ ఒక్కసారే వదలడమా అమ్మా?"