పడుకోబెడితే రంగు మారే కూజా

తవిటయ్య ఇంట్లో ముగ్గురికీ తెలివి ఎక్కువ. అలాగని వాళ్ళే చెప్పుకునేవారు. తవిటయ్య, పెళ్ళాం సింహాలు, తమ్ముడు పైడిరాజు కలిసి రెండు కొమ్ముల కూజా ఒకటి చేశారు. లోపల మధ్యన గోడ. ఎర్రకొమ్ములోంచి వేడినీళ్ళు, నీలంకొమ్ములోంచి చన్నీళ్ళు. నిజం చెప్పొద్దూ, ముచ్చటైన వస్తువే!

దానిమీద గిన్నెల షావుకారి కన్నుపడింది. అది తన పేరునే రాయించుకుంటానన్నాడు. ఇంకేముంది, ముగ్గురూ రంగురంగుల బొమ్మ వేసుకుని పేటెంటు ఆఫీసుకి పరుగెత్తారు.

"రంగులు పనికిరావు," అంది ఆఫీసరమ్మ. "తెల్లకాగితం, నల్లసిరా, అంతే. నిలువుగీతలు గీస్తే ఎరుపు. అడ్డగీతలైతే నీలం. ఏటవాలువి ఆకుపచ్చ. గీతల్లేకపోతే తెలుపు. రేపు సాయంత్రంలోగా తెండి. షావుకారు ముందొస్తే నేనేం చెయ్యలేను."

గీతల్లో రంగులుంటాయట! ఎంత వింతో చూడండి.

ఇంటికెళ్ళి సింహాలు చక్కగా గీసింది. పైడిరాజు కాగితాన్ని పక్కకి తిప్పి చూశాడు. అంతే, కెవ్వుమన్నాడు.

"వదినా! ఎరుపు నీలమైపోయింది! చన్నీళ్ళనుకుని తాగితే నోరు కాలిపోదూ!"

"తిప్పకురా, నీ చేతులు పడ! నిలబెట్టు!"

మర్నాడు బస్సులో సింహాలు కాగితాన్ని గుండెలకి నిలువుగా ఆనించుకుని నించుంది. పక్కన తవిటయ్య కూజా పట్టుకున్నాడు.

"కూర్చోమ్మా," అన్నాడు కండక్టరు.

"నే వంగితే ఎరుపు వంగిపోదా బాబూ?"

కొండమలుపులో బస్సు ఒరిగింది. గీతలన్నీ ఏటవాలైపోయాయి.

"ఆకుపచ్చ వచ్చేసింది! ఆపండి, ఆపండి!" అని గోలపెట్టి దిగిపోయారు. ఇంకేముంది, మండుటెండలో నడక. దారిలో కూజాలో చన్నీళ్ళన్నీ తాగేశారు.

ఆఫీసు మూసేవేళకి చేరారు. షావుకారు ఇంకా రాలేదు. ఆఫీసరమ్మ కాగితాన్ని బల్లమీద పరిచింది.

"అమ్మో, ఎరుపుని పడుకోబెట్టేసింది!" అంటూ అన్నదమ్ములిద్దరూ బల్లని ఒకపక్కన ఎత్తేశారు.

"దించండయ్యా! బొమ్మ బాగానే ఉంది. ముద్ర వేసేముందు ఒకసారి చన్నీళ్ళు పోసి చూపించండి."

చన్నీళ్ళెక్కడివి? తవిటయ్య బుర్ర గోక్కున్నాడు. సింహాలు కిసుక్కున నవ్వింది.

"వేడినీళ్ళున్నాయిగా మామా! నిలువుది పడుకుంటే నీలమేగా!" అని కూజాని బల్లమీద పడుకోబెట్టేసింది.

నీళ్ళన్నీ బొమ్మమీదే. సిరా అంతా కొట్టుకుపోయింది.

"ముట్టుకోండమ్మగారూ, చల్లబడ్డాయా లేదా!"

ఆఫీసరమ్మ తలపట్టుకుంది. జాలేసి కొత్తకాగితం ఇచ్చింది. "గబగబా మళ్ళీ గియ్యండి. అదుగో, షావుకారు మెట్లెక్కుతున్నాడు!"

తవిటయ్య ఆ ఖాళీకాగితాన్ని నిలబెట్టాడు. పడుకోబెట్టాడు. ఏటవాలుగా పట్టాడు. మొహం వెలిగిపోయింది.

"ఎటు తిప్పినా తెలుపు తెలుపే! గీతలెందుకమ్మగారూ? మాది తెల్లకూజా అని రాసుకోండి."

"బొమ్మేదయ్యా?"

"తెల్లకాగితంమీద తెల్లకూజా. కనబడట్లేదా?"

అంతే. ఎరుపూ నీలం కొమ్ముల కూజా షావుకారి పేరున పడిపోయింది. వీళ్ళు నవ్వుకుంటూ ఇంటికెళ్ళి, కూజాకి కొమ్ములతో సహా సున్నం కొట్టేశారు. "పాపం షావుకారు! పడుకోబెడితే రంగు మారిపోయే కూజా అంటగట్టాం," అని ఒకటే మురిసిపోవడం.

ఇప్పుడా ఇంటికి చుట్టాలొచ్చి, "చన్నీళ్ళు ఏ కొమ్ములోంచి వస్తాయమ్మా?" అంటే సింహాలు కూజా చేతికిచ్చి చెబుతుంది.

"తాగి చూడండి అన్నయ్యగారూ. మీ నాలికే చెబుతుంది."