పిలుపు ఆగిన సొరంగం

ఎర్రమట్టి కొండల నడుమ పొగలకోన అనే అడవి ఉండేది. అలుగులు, గుంటనక్కలు, ఏదుపందులు, పందికొక్కులు, కొండముచ్చులు అందులో కాపురముండేవి. ఎండాకాలం వచ్చిందంటే ఆ కోనలో కార్చిచ్చు తప్పదు. అందుకని చలి తగ్గగానే జంతువులన్నీ కలిసి కొండలోకి ఒక సొరంగం తవ్వుకునేవి. మంటలు ఆరేదాకా అందులో తలదాచుకునేవి. వానలకు అది పూడిపోయేది. మరుసటి ఏడు మళ్ళీ తవ్వేవి.

తవ్వేటప్పుడు వాటికో అలవాటు ఉండేది. అన్నిటికన్నా ముందు ముసలి అలుగు తవ్వేది. ఒళ్ళంతా పొలుసులున్న ఆ అలుగును అందరూ అవ్వా అని పిలిచేవారు. అవ్వ కాసేపు తవ్వి, “ఉన్నావా?” అని వెనక్కి కేకేసేది. వెనకున్న గుంటనక్క “ఉన్నా” అని చెప్పి, తన వెనకున్న ఏదుపందిని అడిగేది. ఏదుపంది నోరు విప్పేది కాదు. ఒళ్ళు విదిలించి ముళ్ళు గలగలలాడించేది. అదే దాని జవాబు. ఆ గలగల వినగానే వెనకున్న పందికొక్కు నవ్వుతూ “నేనూ ఉన్నా” అనేది. అలా ఆ కేక వరస చివరిదాకా వెళ్ళేది.

ఆ ఏడు పెత్తనం గంభీరుడనే కొండముచ్చుకు అప్పగించారు. చెట్టు చివర కూర్చునేవాడికి మంట ముందుగా కనబడుతుంది కదా అనుకున్నారు. పెత్తనం చేతికి రాగానే వాడి తోక మరో మూర పెరిగినట్టయింది.

గంభీరుడు సొరంగంలో కాలు పెట్టలేదు. మట్టి అంటితే బొచ్చు పాడవుతుందని వాడి బెంగ. సొరంగం పైనున్న బండకు చెవి ఆనించి పని వినేవాడు. కాసేపు గోళ్ళ చప్పుడు సరసరా వినిపించేది. అంతలో అది ఆగి కేకలు మొదలయ్యేవి. ఆ కేకలు వింటే వాడికి ఒళ్ళు మండేది.

“పలకరింపులు పెళ్ళిలో పెట్టుకోండి,” అన్నాడు ఒకరోజు. “రేపట్నుంచి తవ్వేటప్పుడు ఎవరూ నోరెత్తకూడదు. మట్టి పారబోసే వంకతో మాటిమాటికీ బయటికి రాకూడదు. పక్కకు తోసి తవ్వుకుంటూ పొండి.”

“అవి పలకరింపులు కావు నాయనా,” అంది అవ్వ. “లోపలంతా చీకటి. ఎవరి మీద మట్టి కూలినా కంటికి కనబడదు. జవాబు రాకపోతేనే తెలుస్తుంది.”

“ఆ ఊపిరేదో తవ్వడానికి దాచుకోండి. కూలేలోపే పనైపోతుంది.”

నిజం చెప్పాలంటే పని జోరందుకుంది. కానీ సాయంత్రం బయటికి వచ్చాక కూడా ఎవరూ మాట్లాడుకునేవారు కాదు. ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు కాదు. మట్టి కొట్టుకుపోయిన ముఖాలతో వరసగా నడిచి వెళ్ళిపోయేవారు. పిట్టలు కూడా ఎందుకో ఆ వైపు రావడం మానేశాయి. వాళ్ళు అలా నడిచి వెళుతుంటే గంభీరుడికి మెడ మీద బొచ్చు నిక్కబొడుచుకునేది. క్రమశిక్షణ అంటే ఇలాగే ఉంటుందిలే అని తనకు తానే సర్దిచెప్పుకునేవాడు.

ఒక సాయంత్రం ఆ వరస మధ్యలో బోసిగా కనిపించింది.

“ఏదుపంది ఏది?” అని గంభీరుడు గుంటనక్కను అడిగాడు.

“తెలీదు.”

“నీ వెనకే కదా ఉండాలి?”

“వెనక ఎవరున్నారో అడగొద్దన్నారు కదా.” ఆ గొంతులో కోపం కూడా లేదు.

“మరి నువ్వు చూడలేదా?” అని పందికొక్కు వైపు తిరిగాడు.

“ఉన్నట్టుండి నాకు మట్టి అడ్డొచ్చింది. పక్కకు తోసి తవ్వుకుంటూ పోయాను, మీరు చెప్పినట్టే.”

గంభీరుడు ఒకసారి సొరంగం వైపు చూశాడు. కానీ తప్పు ఒప్పుకుంటే పెత్తనం ఏం కావాలి? “అలిగి ఎటో పోయుంటుంది. రేపు దాని వంతు కూడా మీరే తవ్వండి,” అన్నాడు. అవ్వ వాడి వంక చాలాసేపు చూసింది.

మర్నాడు పొద్దున అందరూ లోపలికి వెళ్ళారు. సాయంత్రమైనా ఒక్కరూ బయటికి రాలేదు. గంభీరుడు కంగారుగా బండకు చెవి ఆనించాడు. లోపల సరసరమని చప్పుడు. కాసేపు కూడా ఆగడం లేదు. వాడి ముఖం వెలిగిపోయింది. తిండీ నిద్రా మానేసి మరీ తవ్వుతున్నారనుకుని మురిసిపోయాడు.

ఆ మర్నాడూ ఎవరూ రాలేదు. చప్పుడు మాత్రం ఆగలేదు. లోపలికి తొంగి చూద్దామా అనుకున్నాడు కానీ బొచ్చుకు మట్టి అంటుతుందని ఆగిపోయాడు.

మూడోనాడు మిట్టమధ్యాహ్నం కార్చిచ్చు వచ్చింది. గాలికి అది కొండంతా చుట్టేసింది. గంభీరుడు బొచ్చు సంగతి మరిచి సొరంగంలోకి దూకాడు.

లోపల ఎవరూ లేరు. చప్పుడు మాత్రం చుట్టూ వినబడుతోంది. తడుముకుంటూ కొంత దూరం పోయాక అర్థమైంది, అది గోళ్ళ చప్పుడు కాదు. పైకప్పు నుంచి మట్టి సన్నగా రాలుతోంది. ఈ రెండు రోజులూ బండకు చెవి ఆనించి తను మురిసిపోయింది దానికే.

అంతలో వెనక పెళపెళమని కప్పు కూలింది. దారి మూసుకుపోయింది. మట్టి తోసుకుంటుంటే చేతికి ఏదో గుచ్చుకుంది. తడిమి చూశాడు. అది ఏదుపంది ముల్లు.

“ఎవరక్కడ? నేను గంభీరుణ్ణి, మీ పెద్దను,” అని అరిచాడు. జవాబు లేదు. “వెంటనే వచ్చి తవ్వండి,” అన్నాడు. జవాబు లేదు. మట్టి నడుం దాకా వచ్చింది.

“ఉన్నారా?” అన్నాడు. “ఎవరైనా ఉన్నారా?”

ఎంతసేపటికో మట్టిగోడ అవతలి నుంచి సన్నగా వినిపించింది.

“ఉన్నా.”

అది అవ్వ గొంతు. అవ్వ మొదటి రోజే మిగతావాళ్ళను వెంటబెట్టుకుని లోపలి నుంచే కొండ అటువైపుకు దారి తవ్వేసింది. గట్టి నేల చూసి, పిలుచుకుంటూ, జవాబు చెప్పుకుంటూ కొత్త సొరంగం తవ్వుకున్నారు. అడుగడుగునా ఏదుపంది కోసం వెతికారు. అది దొరకలేదు.

అందరూ కలిసి గోడ తవ్వి గంభీరుణ్ణి బయటికి లాగారు. వాడి పొడుగాటి తోక మాత్రం బండ కింద నలిగి తెగిపోయింది. వాడు ముల్లును అవ్వ ముందు పెట్టి తల వంచుకున్నాడు. అవ్వ ఏడ్చింది. అందరూ ఏడ్చారు.

మంటలు ఆరాక పొగలకోనలో పెత్తనం అవ్వకు దక్కింది. మరుసటి ఏడు గంభీరుడు కూడా సొరంగంలో దిగి మట్టి మోశాడు. ఏదుపంది చోటును ఖాళీగా ఉంచి, దాని వెనక వాణ్ణి నిలబెట్టారు. అవ్వ పిలుపు గుంటనక్క దాకా వస్తుంది. ఆ ఖాళీ దగ్గర అందరూ గోళ్ళు ఆపి ఊపిరి బిగబడతారు.

ఒక్కోసారి ఆ ఖాళీలోంచి గలగలమని వినిపిస్తుంది. మట్టి రాలిన చప్పుడేనని పందికొక్కు అంటుంది. గంభీరుడు మాత్రం వాదించడు. ఆ చప్పుడు పూర్తిగా ఆగేదాకా ఉండి, ఆ తర్వాతే “నేనూ ఉన్నా” అంటాడు.

నీతి: పనివాళ్ళు ఒకరినొకరు పలకరించుకునే సమయం వృథా కాదు, దాన్ని మిగుల్చుకోవాలని చూసినవాడు పనినీ మనుషులనూ పోగొట్టుకుంటాడు.