రెండో అరలోని డిస్కు

మధ్యాహ్నం పన్నెండున్నర. సన్నగా ముసురు.

దర్గా పక్క గదిలో దస్తగిరమ్మ కూర్చోవడం, లేవడం, మళ్లీ కూర్చోవడం. ఎదురుగా బల్ల మీద ఇనుప పెట్టె. దానికి నాలుగు అరలు, అరకొక డిస్కు. నాలుగూ నాలుగు కంపెనీలవి.

ఆ పెట్టెలో నూట నలభై ముగ్గురి గొంతులున్నాయి. దస్తగిరమ్మ గురువు లాల్‌సాబు తాత. ఆయన గురువుగారు కట్టిన తత్వాలను చుట్టుపక్కల పల్లెల్లో ఎవరికి వచ్చింది వాళ్లు పాడితే, ఆమె ఇంటింటికీ తిరిగి ఫోనులో పట్టి తెచ్చింది. పాడినవాళ్లలో పదకొండు మంది ఇప్పుడు లేరు.

అలా తిరగడం అది రెండోసారి. ముందు కొన్న పెట్టె తన కంపెనీ డిస్కును తప్ప మరొకదాన్ని రానిచ్చేది కాదు. రెండేళ్ల కింద అందులో ఒక డిస్కు పోయింది. ఆ కంపెనీ అలాంటివి చేయడం మానేసిందట. వేరేది పెడితే పెట్టె ఒప్పుకోలేదు. వెతుకుతూ ఉండగానే రెండోదీ పోయింది. ఒకటి పోతే మిగతావి మోస్తాయి, రెండు పోతే మోయలేవట; గొంతులన్నీ పోయాయి.

అయినా మళ్లీ అలాంటిదే కొందామంది. ఈసారి ఇంకా పెద్ద కంపెనీది. మాబూసాబు వద్దన్నాడు. అతనూ తాత శిష్యుడే, ప్రొద్దుటూరులో కంప్యూటర్లు బాగుచేస్తాడు. ఎవరి డిస్కునైనా తీసుకునే ఈ పెట్టెను పది రోజులు వాడి చూడమని అతనే తెచ్చి, ఆమె ఫోనులోని గొంతులన్నీ దీనిలోకి మార్చాడు. ఊరూ పేరూ లేనివాటిని ఎట్లా నమ్మేదని ఆమె ఒక్కో డిస్కునూ తిప్పి తిప్పి చూసింది.

"ఏందక్కా, పిల్లనిస్తాండావా? ఇంటిపేరు కూడా అడుగు" అన్నాడతను.

తాత వచ్చి గుమ్మం దగ్గర గొడుగు మూశాడు. పరుపులు కుట్టి కుట్టి కాయలు కాచిన చేతులు. ఆమె సంగతంతా ఏకరువు పెట్టింది. పది రోజుల గడువు ఈరోజుతో సరి. దీన్ని ఉంచుకోవాలా, పెద్ద కంపెనీది తెప్పించాలా, తాతే చెప్పాలి.

తాత పాట పెట్టమన్నాడు. పెట్టింది. పీరమ్మ గొంతు.

"ఈ నాలుగింట్లో నీకు నమ్మకమైంది ఏదమ్మే?"

ఆమె రెండో అర చూపించింది. అందులోది పెద్ద కంపెనీ డిస్కు.

తాత దాని పిడి పట్టుకుని బయటికి లాగేశాడు.

పెట్టె కీచుమంది. ఎర్ర దీపం వెలిగింది. దస్తగిరమ్మ లేచి నిలబడింది.

"అదొక్కటే తాతా, నమ్మకమైంది."

"అందుకే తీసినా."

పీరమ్మ పాడుతూనే ఉంది. చరణం ముగించి పల్లవికి వచ్చింది.

తాత ఆ డిస్కును ఆమె చేతికిచ్చాడు. పక్కనే ఉన్న మాబూసాబు సంచిలో తాతే చెయ్యి పెట్టి, దొరికిన డిస్కు తీశాడు. ఏ కంపెనీదో చూడలేదు. దాన్ని ఖాళీ అరలో బిగించమని అతనికి చెప్పి నమాజుకు వెళ్లిపోయాడు.

మిగతా మూడూ తమ దగ్గరున్నదంతా కొత్తదానికి అప్పజెబుతాయని, సాయంత్రం దాకా పడుతుందని మాబూసాబు దాన్ని బిగిస్తూ చెప్పాడు. ఈలోపు ఇంకొకటి పోతే అని ఆమె అడిగింది. అతను ఈసారి నవ్వలేదు. పోతే అన్నీ పోతాయన్నాడు.

ఆమె అన్నం ముట్టలేదు. గుమ్మం దాకా పోయేది, వచ్చేది. తెర మీద నలభై శాతం. అరవై ఒకటి. ముసురు వానయింది. కూతురు ఫోన్ చేస్తే తర్వాత మాట్లాడతానంది. తాత ఇచ్చిన డిస్కును ఎక్కడ పెట్టిందో కూడా మరిచిపోయింది.

పొద్దు వాలుతుండగా ఎర్ర దీపం పచ్చగా మారింది.

తాత వచ్చి పక్కన కూర్చున్నాడు. ఏ పెట్టె అని ఆమె మళ్లీ అడగలేదు. ఒక్కో పాటా తెరిచేది. మొదటి మాట వినేది. గొంతు ఆనవాలు పట్టి పేరు పలికేది. తర్వాతది తెరిచేది. ఉసేనయ్య వచ్చాడు. కాశమ్మ వచ్చింది. చనిపోయిన పదకొండు మందీ వచ్చారు.

చివరిది తెరిచింది. ముందు దగ్గు వినిపించింది. ఆగి, గొంతు సవరించుకుని, పాట.

"నూట నలభై మూడు" అంది.