షాంపూ కోరిన ప్రభువు

సముద్రానికి దగ్గర్లో కోటగండి అని ఒక చిన్న సంస్థానం ఉండేది. దాని ప్రభువు నరసింగ భూపతి మద్రాసు వెళ్ళి, ఒక దొర ఇంట విందారగించి వచ్చాడు. వచ్చింది మొదలు ఆయనకు ఇంగ్లీషు పిచ్చి పట్టుకుంది.

"దొరలు రోజూ షాంపూ చేయించుకుంటారట! ఒళ్ళు దూదిపింజలా తేలిపోతుందట!" అన్నాడు కొలువులో.

ఆ రోజుల్లో ఆ మాటకు ఒళ్ళు పట్టడమనే అర్థం. తల రుద్దుకోవడం తర్వాతెప్పుడో చేరింది.

"మన మస్తాన్‌ది మోటు పని. అతణ్ణి మాన్పించండి. సోమప్పా, దొరల సీమ నుంచి షాంపూ చేసేవాణ్ణి తెప్పించు. లేకుంటే నీ కొలువూ ఊడుతుంది!"

సోమప్ప దుబాసీ. దొరల మాటలు ప్రభువుకు తెలుగులో విప్పి చెప్పేవాడు. మస్తాన్ ఉత్తరాది నుంచి వచ్చిన ముసలి మల్లుడు, ప్రభువుకు చిన్నతనం నుంచీ ఒళ్ళు పట్టేవాడు. ఈ వయసులో ఎక్కడికి పోతాడు? సోమప్ప మనసు చివుక్కుమంది. పైకి మాత్రం "చిత్తం" అన్నాడు.

కొద్దిరోజులకు వచ్చి, "మనిషి దొరికాడు ప్రభూ. కాకపోతే తమరు కళ్ళకు గంతలు కట్టుకోవాలి. అతణ్ణి పలకరించకూడదు. పద్ధతి అలాంటిది" అన్నాడు.

ప్రభువు గంతలు కట్టుకుని పడుకున్నాడు. భుజాల మీద చేతులు పడ్డాయి.

"ఆహా! పనితనమంటే ఇదీ!" అని మూలిగాడు. చేతులు నడుము దగ్గరకు రాగానే హాయి పట్టలేక, అలవాటు కొద్దీ "చాంపో! చాంపో!" అని అరిచాడు.

"ప్రభువుల ఇంగ్లీషు దివ్యంగా ఉంది" అన్నాడు సోమప్ప.

"ఇంగ్లీషేమిటయ్యా! నొక్కమని హిందుస్తానీలో చెప్పాను. మస్తాన్ నేర్పిన మాట."

"అదే ఇది ప్రభూ! మన దేశం వచ్చిన దొరలు ఒళ్ళు పట్టించుకుంటూ ఆ మాట విన్నారు, ఓడెక్కించి తీసుకుపోయారు. వాళ్ళ నోట్లో చాంపో కాస్తా షాంపూ అయింది. వాళ్ళ భాషలో అది క్రియ. క్రియ అన్నాక కర్త ఉండాలి కదా, గంతలు విప్పి చూడండి."

ఎదురుగా మస్తాన్ నూనె చేతులు జోడించి నిలబడి ఉన్నాడు.

ప్రభువు ముఖం జేవురించింది. "నన్నే ఏమారుస్తావా?"

"ఎంతమాట! మాట సీమ నుంచే వచ్చింది. మనిషిని మాత్రం వీధి చివర నుంచి పిలిచాను. ఓడ ఖర్చు మిగిలింది."

ప్రభువు పొట్ట పట్టుకుని నవ్వాడు. తన శాలువా తీసి మస్తాన్‌కు కప్పి, మళ్ళీ కొలువులో చేరమన్నాడు.

"నీకేం కావాలో కోరుకో సోమప్పా!"

"తమ పక్కన నిలబడీ నిలబడీ నడుము పట్టేసింది ప్రభూ. సాయంత్రం మస్తాన్‌ను ఒకసారి మా ఇంటికి పంపించండి."

ఆ సాయంత్రం సోమప్ప చాప మీద బోర్లా పడుకున్నాడు. మస్తాన్ చేతులు భుజాలు దాటకముందే గుర్రు వినిపించింది.