బొగ్గుగీత గుడ్డు

వీరదాసు స్వామిని ప్రశ్న అడిగినవాడు జవాబుతో ఇంటికి పోవడం అరుదు. ఏదో ఒక పని తగిలించుకుని పోయేవాడు. ఆ ఏడు వానాకాలం ఆయన నల్లమల అంచున, శిష్యుడు ఓబులేసు ఇంటి అరుగు మీద గడిపాడు.

ఒకనాడు ఓబులేసు అడిగాడు: "సామీ, అడవికోడి కాలమొచ్చినప్పుడు నాలుగు గుడ్లు పెట్టి పొదుక్కుంటాది. మా పెట్ట ఏడాది పొడుగునా పెడతానే ఉంటాది. దీనికెందుకంత ధారాళం?"

స్వామి అతన్ని వదిలి, మజ్జిగ తెచ్చిన అతని భార్య సుంకులమ్మ వైపు తిరిగాడు. "గుడ్లు తీసేది నువ్వే కదమ్మా? ఎట్లా తీస్తావు?"

"దినామూ తీస్తా సామీ. బొగ్గుతో గీత గీసిన పాతగుడ్డొకటి మాత్రం గంపలోనే ఉంచుతా. అది కనపడకపోతే పెట్ట ఆ గంప ఎక్కదు."

"రేపటినుంచి ఏదీ తీయొద్దు."

ఓబులేసుకు ప్రాణం ఉసూరుమంది. గురువు మాట కనుక సరేనన్నాడు. సుంకులమ్మ అక్కడే నిలబడి భర్తతో మెల్లగా అంది: "మా యమ్మకు చూపు మసకబారుతా ఉందంట. నా మొగం కనపడతా ఉన్నప్పుడే ఒకసారి పోయొస్తా."

"కొర్రకోత కానీలే, పోదువు" అన్నాడతను, ప్రేమగానే. ఓబులేసు చెడ్డవాడు కాడు. విత్తేటప్పుడూ, కలుపు తీసేటప్పుడూ ఇంతే ప్రేమగా అన్నాడు. ఆ మాట పట్టుకుని ఆ పిచ్చితల్లి ఇద్దరి చాకిరీ ఒక్కతే చేసింది.

గంపలో గుడ్లు చేరాయి. ఒకరోజు పెట్ట గుడ్డు పెట్టలేదు. ఈకలు ఉబ్బించుకుని కూర్చుంది. చెయ్యి పెట్టబోయిన ఓబులేసును పొడిచింది. అతను లబోదిబోమంటూ వచ్చాడు: "సామీ, మా పెట్ట చెడిపోయింది!"

"చెడలేదురా. దానికి కావలసింది గంప నిండడం. నిండింది, కూర్చుంది. మీరు తీసినన్నాళ్లూ, పాపం, రేపు నిండుతుందనుకుంటూ పెట్టింది."

అంతలో సుంకులమ్మ పెరట్లోనుంచి వచ్చింది. ఒక చేతిలో బొగ్గుగీత గుడ్డు, ఇంకో చేతిలో చీరల మూట. కొర్రకోత ముందురోజే అయిపోయింది. "దీన్ని తీసేసినా సామీ. మురిగిపోయింది. ఎన్నాళ్లు పొదిగినా పిల్ల కాదు."

ఓబులేసు మూటను చూసి నవ్వాడు. "శనక్కాయ పీకేది ఉంది కదే. అదొక్కటీ కానీ, ఈసారి తప్పకుండా పోదువు."

సుంకులమ్మ మూట కింద పెట్టేసింది.

స్వామి అరుగు దిగి, ఆ మూట ఎత్తి ఓబులేసు చేతుల్లో పెట్టాడు.

"ఓబులేసూ, గీతగుడ్డు నీ దగ్గర ఇంకొకటి ఉంది. దాన్ని పారేసి, బండి కట్టు."